నిమ్మరసంలో ఉడికిన రొయ్యకు మళ్ళీ మైక్రోవేవా?

ఆగ్వాచిలే (పచ్చి రొయ్యల మీద నిమ్మరసం, మిరప రుబ్బి పోసే మెక్సికో వంటకం) పళ్ళెం ముందు పెట్టుకుని, "ఇది కొంచెం వేడి చేసి తెస్తారా?" అని అడిగే జాతి భూమ్మీద ఒకటుంది. అది మనదే. సవినయంగా ఒప్పుకుని ముందుకు పోదాం.

డాలస్ శివార్లలో, ఇర్వింగ్, క్యారల్టన్ లాంటి ఊళ్ళలో, ఒక పక్క లాండ్రీ, ఇంకో పక్క టైర్ల కొట్టు, నడుమ పది పన్నెండు బల్లల హోటలు ఒకటి కనిపిస్తుంది. బోర్డు మీద 'మరిస్కోస్' అని ఉంటుంది. రొయ్య, పీత, ఆయిస్టర్, ఆక్టోపస్ వండే చోటు. మన మెస్సులో ఆవకాయ జాడీ ఉన్నట్టు అక్కడ ప్రతి బల్ల మీదా వాలెంటీనా అనే మిరప సాస్ సీసా, ఉప్పు బిస్కట్లు. మెక్సికో పసిఫిక్ తీరంలోని సినలోవా రాష్ట్రపు అసలు వంట తినాలంటే వెళ్ళాల్సింది ఇలాంటి చోటికే. అందుకే మనవాళ్ళు కూడా కనిపెట్టేశారు.

ఇక సభ ప్రారంభం. శనివారం రాత్రి, పదిమంది. అందులో ముగ్గురు శనివారం నీచు ముట్టరు. చిప్స్‌కి నియమం వర్తించదు కాబట్టి వాళ్ళ చేతుల్లో ఇప్పటికే నాలుగో బుట్ట ఖాళీ. మిగతా ఏడుగురిలో ఒకాయన ఎక్కడో రీల్‌లో పచ్చటి రసంలో తేలే రొయ్యల్ని చూసి వచ్చాడు. వేలు పెట్టి చూపించి, "ఎక్స్‌ట్రా స్పైసీ, మాది గుంటూరు" అన్నాడు. గుంటూరు ఎక్కడుందో వడ్డించే అమ్మాయికి తెలియదు. తన పని మాత్రం తెలుసు, కాబట్టి "రొయ్య పచ్చిదండీ, పరవాలేదా?" అని రెండుసార్లు అడిగింది. మెనూ అడుగున పచ్చి సీఫుడ్ గురించి చుక్క గుర్తు పెట్టి ముద్రించిన హెచ్చరిక కూడా ఉంది. పది తలలూ ఊగాయి.

తప్పు భాషది కూడా కావచ్చు. మనకు పచ్చి రొయ్యలంటే ఎండు రొయ్యలు కానివి, అంతే. 'పచ్చి రొయ్యల కూర' అన్నాక అది ఉడికిందా అని ఎవరూ అడగరు. ఆగ్వాచిలే ఆ మాటను అక్షరాలా పాటిస్తుంది.

పళ్ళెం వచ్చింది. వచ్చిన క్షణం నుంచి దానికి గడియారం తిరుగుతోంది. ఆ పళ్ళెం వెనక లోపల జరిగింది ఇది: పౌనుకు పాతిక లోపు తూగే పెద్ద రొయ్యల్ని ఒలిచి, వెన్ను మీద చీల్చి, నల్ల పేగు తీసి, పుస్తకంలా తెరిచారు. తెరవకపోతే పులుపు లోపలికి దిగదు. పైన తెల్లగా, లోపల జిగురుగా మిగులుతుంది. పౌను రొయ్యకు ఎనిమిది పది నిమ్మకాయల రసం, రెండు మూడు సెర్రానో మిరపకాయలు, గుప్పెడు కొత్తిమీర, ఉప్పు కలిపి రుబ్బి, వడ్డించే ముందు పోశారు. పైన కీర ముక్కలు, ఎర్ర ఉల్లిపాయ. పక్కన కరకరలాడే మొక్కజొన్న రొట్టె, తోస్తాదా. ఇలాగే పులుపులో నానే ఇంకో వంటకం సెవిచేని ఇంకాస్త నానబెడతారు. దీన్ని మాత్రం పోయగానే తినాలి. అరగంట ఆలస్యమైతే రొయ్య సుద్దముక్కలా అవుతుంది, కీర నీళ్ళు వదులుతుంది.

మనవాళ్ళ ఫోటోలకు పన్నెండు నిమిషాలు పట్టింది. పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, సెర్రానో ముక్క పట్టుకుని ధైర్యంగా నవ్వుతూ ఒకటి. తర్వాత మొదటి ముద్ద. తర్వాత నిశ్శబ్దం. తర్వాత ఆ చారిత్రక వాక్యం: "ఇది ఉడకలేదండీ!"

పళ్ళెం వంటింటికి తిరిగి వెళ్ళింది. నిమ్మ పులుపు అప్పటికే రొయ్యలోని మాంసకృత్తుల్ని బిగించేసింది కదా, దాని మీద మైక్రోవేవ్ వేడి తగిలితే ఉన్న కాస్త తడీ పిండినట్టు బయటికి వస్తుంది. కొత్తిమీర నల్లబడుతుంది, నిమ్మరసం చేదెక్కుతుంది, కీర సొరకాయ పులుసు ముక్క అవుతుంది. చివరికి బల్ల మీదకొచ్చేది వేడి నిమ్మనీళ్ళలో రబ్బరు బొత్తాలు. "చూశారా, వీళ్ళకి వండటం రాదు" అని తీర్పు.

భయం తప్పని ఎవరూ అనరు. నిమ్మరసం రొయ్య రంగు మారుస్తుంది గానీ నిప్పు చంపినట్టు క్రిముల్ని చంపదు. గర్భిణులు, చిన్నపిల్లలు, కాలేయ జబ్బున్నవాళ్ళు పచ్చిది తినకూడదు. మంచిదే, తినకండి. అదే మెనూలో ఉడికించిన రొయ్యలతో చేసే కాక్టెల్ ఉంది: టమాటా రసం, అవకాడో, ఉల్లిపాయ వేసి పెద్ద గాజు గ్లాసులో ఇస్తారు. వెల్లుల్లితో వేయించిన మోహో దె ఆహో ఉంది. ఎర్ర మిరపకాయల సాస్‌లో మగ్గిన ఆ లా దియాబ్లా ఉంది. అది ఇగురుకి మేనత్త కూతురు. గాట్లు పెట్టి తలతో సహా చేపను చేపగానే వేయించిన మొహార్రా ఉంది. సాధారణంగా అది తిలాపియా, మన జిలేబీ చేప. అది తెప్పించుకుని, "తల తీసేసి తెస్తారా, పిల్లలు భయపడతారు" అంటారు, ఇంట్లో పులుసులో తలకాయ కోసం కొట్టుకునే వంశంవాళ్ళు.

ఇక ఆ గుంటూరు సంగతి. మిరపకాయ పుట్టిల్లే మెక్సికో. పోర్చుగీసువాళ్ళ ఓడలెక్కి మన దాకా వచ్చింది. నిమ్మ మాత్రం ఆసియా నుంచి అటు వెళ్ళింది. సినలోవా కొండల్లో దొరికే గోళీకాయంత కూడా లేని చిల్తెపీన్ మిరప ముందు మన గుంటూరు సన్నం మిర్చి చేతులు కట్టుకుని నిలబడాలి. ఆ రొయ్య కథ కూడా అంతే. వనామి అనే రొయ్య రకం సొంతూరు మెక్సికో నుంచి పెరూ దాకా ఉన్న పసిఫిక్ తీరం. 2009లో మన దేశం అనుమతించాక భీమవరం చెరువులు దానితో నిండాయి, అక్కణ్ణుంచి అమెరికాకు ఓడలెక్కింది. మన రైతు కౌంట్, అంటే ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క, కిలోకి చెబుతాడు, ఆ వంటింట్లో పౌనుకి చెబుతారు, తేడా అంతే. ఉడకలేదని వెనక్కి పంపిన ఆ రొయ్య గోదావరి నీళ్ళు తాగి పెరిగిందే అయినా ఆశ్చర్యం లేదు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. బిల్లు దగ్గర నవ్వు రాదు. 240 డాలర్ల బిల్లు ఏడు కార్డుల మీద కోయించి, ఆ అమ్మాయిని ఏడుసార్లు తిప్పి, చివరికి పది డాలర్లు వదిలారు. టెక్సస్‌లో టిప్పు మీద బతికే సర్వర్‌కి యజమాని ఇవ్వాల్సిన కనీస జీతం గంటకు 2.13 డాలర్లు. 1991 నుంచి అంతే. మిగతాది చాలావరకు టిప్పే. ఇది తెలియనివాళ్ళా వీళ్ళు? పన్ను మినహాయింపులో ప్రతి సెంటూ తెలిసినవాళ్ళు! పైగా ఆమె ఇంగ్లీషు యాసను బల్ల దగ్గరే అనుకరించి ఇకిలింపులు. ఆఫీసులో మన యాసను ఎవడైనా అనుకరిస్తే హెచ్ఆర్‌కి ఉత్తరం రాస్తాం, వాట్సాప్‌లో వివక్ష మీద వ్యాసాలు పంచుతాం. ఆమె రెండుసార్లు అడిగింది, పచ్చిది పరవాలేదా అని. ఆ ప్రశ్న మీకు అర్థమైంది. అర్థమయ్యే తలూపారు. కారెక్కకముందే "ఫుడ్ రా, సర్వీస్ పూర్" అని ఒక నక్షత్రం అంటించారు. సిగ్గు లేదూ?

ఆ మిగిలిన రొయ్యల్ని డబ్బాలో పెట్టించుకున్నారు, పారేయడం పాపం కదా. రేపు ఆదివారం. అల్లం వెల్లుల్లి ముద్ద వేసి ఇగురు పెడతారట.