మోటారుకు ఉంది, మిద్దెకు ఉంది, కొట్టానికే లేదు

నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ మండలం మాచారంలో 2025 మే 19న ఇందిర సౌర గిరి జల వికాసం పథకం మొదలైంది. అటవీ హక్కుల పట్టా ఉన్న 6 లక్షల ఎకరాల గిరిజన భూములకు రూ.12,600 కోట్లతో సోలార్ పంపుసెట్లు ఇస్తామన్నారు. అదే జిల్లా కొండారెడ్డిపల్లిలో ఇళ్ల మీద సోలార్ పలకలు బిగించి ఊరు ఊరంతా ఎండ కరెంటు వాడుకునేలా చేశారు. రెండూ మెచ్చుకోదగ్గవే. అయితే పాలమూరులోనైనా నల్లగొండలోనైనా రైతు బతుకు పొలంతో, ఇంటితో అయిపోదు. నడుమ కొట్టం ఉంది. వానలు మొహం చాటేసిన ఏడు పిల్లల ఫీజులు కట్టింది బర్రె పాలే. ఆ కొట్టం ఏ సోలార్ పథకంలోనూ కనిపించదు.

రైతుల కోసం కేంద్రం తెచ్చిన సోలార్ పథకం పీఎం కుసుమ్ ప్రధానంగా బోరు మోటారును, బీడు భూమిని చూస్తుంది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన పీఎం సూర్యఘర్ ఇంటిని చూస్తుంది. 3 కిలోవాట్లు పెట్టుకుంటే రూ.78,000 రాయితీ. ఇంటి సర్వీసు, షెడ్డు సర్వీసు ఒకే రైతు పేరు మీద ఉన్నా ఆ రాయితీ ఇంటికే. రాష్ట్రంలో 2018 జనవరి 1న మొదలైన 24 గంటల ఉచిత కరెంటు కూడా బోరు దగ్గరే ఆగిపోతుంది. కోళ్ల షెడ్డులో, పాలకేంద్రంలో మీటరు తిరుగుతూనే ఉంటుంది. కేంద్రం 2020లో రూ.15,000 కోట్లతో పశుసంవర్ధక మౌలిక వసతుల నిధి పెట్టి, లోన్ల మీద 3 శాతం వడ్డీ తగ్గిస్తామంది. ప్రాజెక్టు రిపోర్టు రాయించుకోగలిగినవాళ్లకు అది బాగానే పనికొస్తుంది. నాలుగు బర్రెలున్నవాడు ఆ కౌంటరు దాకా పోడు.

కొట్టంలో ఏ పనికి ఏ వేళ కరెంటు కావాలో చూసుకుంటే ఎక్కడ సోలార్ అక్కరకొస్తుందో తేలిపోతుంది. షాద్‌నగర్ చుట్టుపక్కల కోళ్ల షెడ్లే తీసుకోండి. మాంసపు కోళ్ల (బ్రాయిలర్) పెంపకం ఒప్పందంలో కోడిపిల్లలు, దాణా, మందులు కంపెనీవి. షెడ్డు, కూలీ, కరెంటు రైతువి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం ఎండ 42 డిగ్రీలు దాటితే ఫ్యాన్లు, నీటి తుంపర చల్లే ఫాగర్లు ఆగకుండా తిరగాలి. ఆ వేళ గంట కరెంటు పోయిందంటే అమ్మకానికి వచ్చిన కోళ్లు గుట్టలుగా చచ్చిపోతాయి, నలభై రోజుల కష్టం గుంతలో పూడ్చాల్సి వస్తుంది. కోడికి గాలి కావలసిన వేళ, పలక మీద ఎండ నిండుగా పడే వేళ ఒక్కటే. పెద్ద బ్యాటరీ అక్కర్లేదు. ఇంత కచ్చితంగా కుదిరే చోటు ఊళ్లో ఇంకొకటి లేదు. మేత ముక్కలు చేసే చాఫ్ కట్టర్ కూడా అంతే. చొప్ప, నేపియర్ గడ్డి మధ్యాహ్నం పూట కోసిపెట్టుకుంటే అడిగేవారు లేరు.

పాల సంగతి వేరు. పాలు పితికేది తెల్లవారుజామున, మళ్లీ సాయంత్రం. అప్పుడు ఎండ ఉండదు. పొదుగు నుంచి వెచ్చగా వచ్చిన పాలను వీలైనంత త్వరగా 4 డిగ్రీలకు దింపకపోతే ఎండాకాలంలో పాలకేంద్రం దాటకముందే పులుపెక్కుతాయి. లెక్క వేస్తే, 500 లీటర్ల పాలను 35 డిగ్రీల నుంచి 4 డిగ్రీలకు దింపడానికి 7 యూనిట్ల కరెంటు పడుతుంది. రెండు పూటలకు 14 యూనిట్లు. ఒక కిలోవాటు సోలార్ మన ఎండలకు రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తుంది కాబట్టి నష్టాలు కలుపుకున్నా 5 కిలోవాట్లు చాలు. చిక్కంతా వేళదే. పగటి కరెంటుతో మంచు గడ్డ కట్టించి, సాయంత్రం ఆ చల్లదనంతో పాలు చల్లార్చే ఐస్ బ్యాంక్ కూలర్లు ఉన్నాయి. బ్యాటరీల కంటే అవే మన్నిక. నల్లగొండ, రంగారెడ్డి జిల్లాల పాల సహకార సంఘానికైనా, విజయ డెయిరీకైనా ఊరి పాలకేంద్రమే పునాది. కరెంటు పోతే జనరేటర్‌కు పోసే డీజిల్ ఖర్చు ఎటు తిరిగినా చివరికి లీటరు ధరలోనే తేలుతుంది.

ఇక రేకుల సంగతి. సోలార్ ఏజెంట్లు షెడ్డు కప్పు చూడగానే కొలత టేపు తీస్తారు. పల్లెల్లో కొట్టాలకు ఎక్కువగా ఉండేవి సిమెంటు రేకులు, సన్నటి ఇనుప పైపులు. ఇప్పుడు అమ్ముతున్న పెద్ద పలక ఒక్కోటి 25 కిలోలు దాటుతుంది, పైన గాలివాన తాకిడి. రెండో ఏడాదికే రేకు పగిలి దూడ మీద పడితే ఆ రైతు జన్మలో సోలార్ పేరెత్తడు. కోళ్ల షెడ్డులోనైతే దుమ్ము, అమ్మోనియా వాయువు కలిసి నాసిరకం ఇనుప ఫ్రేములను తినేస్తాయి. అందుకే కప్పు మీద కాకుండా కొట్టం పక్కనే విడిగా స్తంభాలు పాతి, పలకలతో పందిరి వేయడం మేలు. బర్రెది నల్ల తోలు, చెమట గ్రంథులు తక్కువ. ఎండ తగిలితే మేత మానేస్తుంది, పాలు తగ్గిస్తుంది. పందిరి కింద కట్టేస్తే నీడా దక్కుతుంది, పైన కరెంటూ వస్తుంది. రాయితీ నిబంధనలు రాసేవాళ్లు ఈ పందిరి ఖర్చును లెక్కలో కలపాలి. కలపకపోతే రైతు ఎలాగూ రేకుల మీదే పెట్టిస్తాడు.

ఎండ సంగతి ఇలా ఉంటే, పెండ కథ పాతది, కొంచెం చేదుది కూడా. 1981-82లో జాతీయ బయోగ్యాస్ పథకం మొదలయ్యాక మన ఊళ్లలోనూ గోబర్ గ్యాస్ గుంతలు వెలిశాయి. ఇప్పుడు వెళ్లి చూడండి. తుప్పు పట్టిన డ్రమ్ములు, లేదా బీటలు వారిన గుమ్మటాలు, వాటిలో చెత్త. సబ్సిడీ తిన్నారనో, జనానికి శ్రద్ధ లేదనో అనేయడం తేలిక. జరిగింది వేరు. ట్రాక్టర్లు వచ్చి ఎడ్లను కొట్టంలోంచి పంపేశాయి, పెండ సగానికి పడిపోయింది. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల పథకం ఇంటికి గ్యాస్ సిలిండర్ తెచ్చాయి. పాలమూరులో ఇంటికి ఇద్దరు వలస పోతే మిగిలిన ముసలివాళ్లు రోజూ పొద్దున పెండ కలపలేకపోయారు. గుమ్మటం బీట వారితే పూడ్చే మేస్త్రీ మండలంలో లేడు. గుంత కట్టడానికి డబ్బిచ్చిన ప్రభుత్వం, అది నడవడానికి ఒక్క మనిషిని కూడా ఇవ్వలేదు.

అయినా ఆ గుంతను వదులుకోవాల్సిన పని లేదు. నాలుగైదు పెద్ద పశువులుంటే రోజుకు 50 కిలోల పెండ వస్తుంది, అన్ని లీటర్ల నీళ్లు కలిపితే 2 ఘనపు మీటర్ల గ్యాస్. నెలంతా వాడితే దాదాపు రెండు సిలిండర్ల పెట్టు. వేడి 30-35 డిగ్రీలుంటే గ్యాస్ బాగా పుడుతుంది. మన ఊళ్లలో ఏడాదిలో ఎక్కువ రోజులు ఉండేది అదే. గ్యాస్ పోయాక గుంతలోంచి బయటికొచ్చే పెండనీళ్లలో, అంటే స్లర్రీలో, కలుపు గింజలు చాలావరకు చచ్చి ఉంటాయి, పచ్చి పెండ కంటే చేనుకు త్వరగా పడుతుంది. నిజానికి రైతుకు గ్యాస్ కంటే స్లర్రీ మీదే మోజు ఉండాలి, యూరియా లైన్లలో చెప్పులు పెట్టి నిలబడ్డవాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. వాతావరణం సంగతి చెప్పేటప్పుడు మాత్రం కొంచెం నిజాయితీ అవసరం. పశువుల మీథేన్‌లో పెద్ద భాగం నెమరు వేసేటప్పుడు త్రేన్పులతో వచ్చేది. గుంత దాన్ని ఆపలేదు, పెండ కుప్పలోంచి లేచేదాన్ని మాత్రమే పడుతుంది.

కేంద్రం 2022 నవంబరులో ప్రకటించిన జాతీయ బయో ఎనర్జీ కార్యక్రమం చిన్న గుంతలకు సైజును బట్టి రూ.9,800 నుంచి రూ.70,400 దాకా ఇస్తామంది. ఈ తరహా సాయం ఇచ్చే తీరు మారాలన్నది మా అభిప్రాయం. కట్టినప్పుడు సగం ఇవ్వండి. రెండేళ్ల తర్వాత పొయ్యి వెలుగుతుంటే మిగతా సగం ఇవ్వండి. గుంతలు చూసే బాధ్యత కోసం కొత్త శాఖ అక్కర్లేదు. ఊళ్లలో పశువులకు సూదులు వేసే గోపాలమిత్రలు ఉన్నారు, కొట్టాలన్నీ తిరిగేది వాళ్లే. శిక్షణ ఇచ్చి, చూసిన గుంతకు ఇంత అని కట్టివ్వాలి. సేవా భావం పేరుతో ఉచితంగా చేయించుకోవాలని చూస్తే మళ్లీ పాత కథే.

గొర్రెల మందలను ఈ లెక్కలోకి లాగకపోవడమే మంచిది. మంద పెట్టించుకోవడానికి చేను యజమాని కాపరికి డబ్బో గింజలో ఇచ్చే పద్ధతి ఇంకా బతికే ఉంది. ఎరువు నేరుగా చేనులో పడుతుంది. దాన్ని ఎత్తి గుంతలో పోయమనడం తెలివి తక్కువ పని. మేత కోసం నెలల తరబడి తిరిగే గొల్లకురుమలకు కావలసినవి ఒక లైటు, ఒక ఫోన్ ఛార్జర్, దారిలో నీళ్ల తొట్టి నింపే సోలార్ మోటారు.

4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం ఉన్నది నల్లగొండ జిల్లాలోనే, దామరచర్ల మండలంలో. సాగర్, జూరాల జల విద్యుత్తు సరేసరి. రాష్ట్రానికి ఇంత వెలుగు ఇచ్చే ప్రాంతంలో పాలకేంద్రం జనరేటర్ మీద ఆధారపడడం ఏం బాగుంది? మహిళా సంఘాలకు 1,000 మెగావాట్ల సోలార్ ప్లాంట్లు ఇస్తామని రాష్ట్ర ప్రభుత్వం చెప్పింది. అందులో కొంత వాటాను పాలకేంద్రాల పక్కన పెట్టిస్తే సంఘానికి కొనేవాళ్లను వెతుక్కునే టెన్షన్ ఉండదు. కరెంటు పంపిణీ చేసే దక్షిణ డిస్కం, డెయిరీలు, పశుసంవర్ధక శాఖ కూర్చుని ముందుగా ఒక్క పని చేయాలి. రోజుకు 500 లీటర్లు దాటే కేంద్రాలు ఏ ఊళ్లో ఉన్నాయో, వాటికి ఏ ఫీడర్ నుంచి కరెంటు వస్తోందో, నెలకు డీజిల్ ఎంత పోస్తున్నారో జాబితా తీయాలి. కోళ్ల షెడ్లకు ఇంటితో సమానంగా రాయితీ ఇవ్వాలని రాష్ట్రం కేంద్రాన్ని అడగాలి. అడిగే లోపు పందిరి ఖర్చులో సగమైనా తానే భరించాలి. ఇదంతా మార్చిలోపు మొదలుపెడితేనే వచ్చే ఎండాకాలానికి అందుతుంది.