ముందు వేట, తర్వాత వయసా?

వయసు తెలియని చేపను ఏటా ఎంత పట్టొచ్చన్న కోటా ఎలా ఖరారు చేశారు? ఆరెంజ్ రఫీ అనే లోతు సముద్రపు చేప విషయంలో న్యూజిలాండ్ ప్రభుత్వాలు ఇప్పటికీ సూటిగా జవాబు చెప్పని ప్రశ్న ఇది. 1970ల చివర్లో న్యూజిలాండ్‌కు తూర్పున సముద్రం అడుగునున్న చాథమ్ రైజ్ అనే గట్టు దగ్గర ట్రాలర్లు వలలు దించినప్పుడు, ఇదీ మామూలు చేపేనని, మహా అయితే 30 ఏళ్లు బతుకుతుందని అనుకున్నారు. ఆ అంచనా ధీమాతోనే 1980ల చివరికి ఏటా 50 వేల టన్నులకు పైగా తోడేశారు.

అసలు లెక్క చేప చెవిలో ఉంది. అక్కడుండే చిన్న సున్నపురాయి మీద ఏటా ఒక పొర పేరుకుంటుంది. ముసలి చేపల్లో ఆ పొరలు అంచున ఎంత ఇరుకుగా ఉంటాయంటే, రాయిని పలుచగా కోసి మైక్రోస్కోప్ కింద పెడితే తప్ప కనిపించవు. అదీ నమ్మనివాళ్లకు 1991లో ఆస్ట్రేలియా పరిశోధకులు మరో రుజువు చూపారు. పిల్లచేపగా ఉన్నప్పుడు రాయి నడిమధ్యలో చేరిన రేడియం క్రమంగా క్షీణించి సీసం పుడుతుంది. ఆ రెండింటి పాళ్లు చూసి, ఈ చేప దాదాపు 150 ఏళ్లు బతకగలదని తేల్చారు. గుడ్లు పెట్టే ఈడు రావడానికే సుమారు 30 ఏళ్లు! అప్పటికే చాలా గుంపులు వలలో పడిపోయాయి.

వయసు తేల్చడం కష్టమని, కొత్త సమాచారం వచ్చినప్పుడల్లా కోటా సవరిస్తున్నామని పరిశ్రమ అంటోంది. నిజమే కావచ్చు. కానీ ఆ సవరణ ప్రతిసారీ వేట అయిపోయాకే ఎందుకు వస్తోంది? 2016లో అక్కడి కొన్ని రఫీ వేటలకు, చాథమ్ రైజ్‌తో సహా, ‘నిలకడైన వేట’ అని అంతర్జాతీయ ముద్ర వేశారు. 2023లో అదే చాథమ్ రైజ్‌లో కోటాకు కోత పెట్టాల్సి వచ్చింది. ముద్ర చూసి కొన్నవాళ్లకు ఎవరు జవాబు చెబుతారు?

పుట్టిన తేదీ రుజువు లేనిదే ముసలివాళ్లకు పింఛను ఇవ్వని ప్రభుత్వాలు, ఓ జాతి మొత్తాన్ని పట్టి అమ్మడానికి మాత్రం ఊహ చాలనుకున్నాయి. ఇది చెడ్డ ఆనవాయితీ. లోతు సముద్రపు పడవలకు సాయం అందిస్తున్న మన కేంద్రమూ ఇదే దారి పట్టకూడదు. ముందు రాయి కోసి చూడండి, తర్వాతే వల. పరీక్షల ఖర్చు ఎవరు భరించాలన్న సాకు వద్దు. చేపలమ్మి లాభాలు గడించినవాళ్లే భరించాలి. ఆ లెక్క చేతికొచ్చేదాకా ట్రాలర్లను రేవులో కట్టేయండి.