పదేళ్ళ పిల్లని ప్రేమకథలోకి లాగకండి

మొన్న ఆదివారం జేమ్స్‌టౌన్ వెళ్ళాం, ఇంగ్లిషువాళ్ళు అమెరికాలో మొదట నిలదొక్కుకున్న చోటు. మా పాప నాలుగో క్లాసు. వర్జీనియాలో ఆ క్లాసు పిల్లలకి రాష్ట్ర చరిత్ర పాఠం ఉంటుంది, చూపిద్దామని తీసుకెళ్ళాను. అక్కడ పోకహాంటస్ అనే మూలవాసుల అమ్మాయి కంచు విగ్రహం ఉంది. ఒళ్ళంతా చిలుము పట్టినా చేతులు మాత్రం తళతళలాడుతుంటాయి, వచ్చినవాళ్ళంతా పట్టుకుని ఫొటోలు దిగుతారు కాబట్టి. పక్కనే ఒకావిడ తన కూతురికి తెలుగులో చెప్తోంది: "ఈ అమ్మాయి జాన్ స్మిత్‌ని ప్రేమించి, తన ప్రాణం అడ్డమేసి కాపాడింది." ఆవిణ్ణి తప్పుపట్టను. డిస్నీ బొమ్మల సినిమా మనందరికీ నేర్పిన కథ అదే. కానీ నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

1607 డిసెంబరులో, జేమ్స్‌టౌన్‌కి వచ్చిన ఇంగ్లిషువాళ్ళలో ఒకడైన స్మిత్‌ని ఇక్కడి మూలవాసులు పట్టుకుని, తమ రాజధాని వెరొవొకొమొకోలో, తమ నాయకుడైన ఆమె తండ్రి ముందు నిలబెట్టారు. అప్పటికి అతనికి 27 ఏళ్ళు దాటాయి. మరి ఆ పిల్లకి? 1608లో అచ్చయిన తన రాతలో స్మితే "పదేళ్ళ పిల్ల" అన్నాడు. మా పాప ఈడు! పోకహాంటస్ కూడా ఆమె అసలు పేరు కాదు, ఆటల పిల్ల కాబట్టి పెట్టిన ముద్దుపేరు. అసలు పేరు అమొనూటె. తనవాళ్ళ మధ్య మాత్రమే పిలుచుకునే పేరు మటోకా.

ఆ 1608 రాతలో, అందరూ చెప్పుకునే కథలోలా చంపడానికి బండ మీద తల పెట్టడం లేదు, దుడ్డుకర్రలు లేవు, పిల్ల వచ్చి మీద పడటం లేదు. ఆదరించారు, తిండి పెట్టారు, మాట్లాడి పంపించారు, అంతే. ప్రాణదానం కథ పూర్తిగా అచ్చులోకి వచ్చింది 1624లో. అప్పటికి ఆమె పోయి ఏడేళ్ళు, తండ్రి పోయి ఆరేళ్ళు. కాదనడానికి ఎవరున్నారు? అది చంపబోవడం కాదు, తమలో కలుపుకునే తంతు అని కొందరు చరిత్రకారులు అంటారు. అయి ఉండొచ్చు. ప్రేమ మాత్రం ఎక్కడా లేదు.

స్మిత్ గట్టివాడు, అది ఒప్పుకోవాల్సిందే. 1608 ఎండాకాలంలో చిన్న పడవ మీద చెసాపీక్ బే అంతా తిరిగాడు. 1612లో వచ్చిన అతని మ్యాపు చూస్తే నదుల మీద చిన్న చిన్న శిలువ గుర్తులుంటాయి. అక్కడిదాకా నేను చూశాను, ఆ పైది ఇక్కడివాళ్ళు చెప్పగా గీశాను అని వాటి అర్థం. నన్ను బాధపెట్టేది ఇదే. చూసిందేదో విన్నదేదో నదుల విషయంలో అంత నిజాయితీగా వేరుచేసిన మనిషి, ఆ పిల్ల విషయంలో ఒక్క గుర్తు కూడా పెట్టలేదు.

కరువు సంగతి ఆ సినిమాలో ఉండదు. చెట్ల వలయాలు లెక్కగట్టి చూస్తే 1606 నుంచి 1612 దాకా 770 ఏళ్ళలో ఎన్నడూ లేనంత వర్షాభావం. వాళ్ళకే గింజలు లేని కాలంలో స్మిత్ మొక్కజొన్న కోసం రాగి, పూసలు ఇచ్చాడు. చాలకపోతే ఆమె బంధువు ఒపెచాంకనో జుట్టు పట్టుకుని గుండెకి పిస్తోలు ఆనించాడు. గొప్పగా తనే రాసుకున్నాడు.

1613లో ఇంగ్లిషువాళ్ళు ఆమెని ఓడలోకి రప్పించి ఎత్తుకుపోయారు. మతం మార్చి రెబెకా అన్నారు. 1614లో పెళ్ళి, స్మిత్‌తో కాదు, పొగాకు పండించే జాన్ రాల్ఫ్‌తో. తర్వాత ఇంగ్లండులో స్మిత్ చూడ్డానికి వెళ్తే ఆమె మొహం తిప్పుకుని రెండుమూడు గంటలు పలకలేదట. ఆ తర్వాత, మా నాన్నకి నువ్విచ్చిన మాటేమైందని నిలదీసింది. నువ్వు చచ్చిపోయావన్నారు, మీవాళ్ళు అబద్ధాలు ఎక్కువ ఆడతారు అంది. 1617లో తిరుగు ప్రయాణంలో గ్రేవ్‌సెండ్ దగ్గర చనిపోయింది. ఇరవై ఒక్కటో ఏమో వయసు. ఆ నిలదీతని ఎవరూ విగ్రహం చెయ్యలేదు.

పాత కథే కదా, పోనీ అంటారా? 1924లో వర్జీనియా చట్టం చేసింది, ఏమాత్రం వేరే రక్తం కలిసినా తెల్లవాళ్ళు కాదని. కానీ పోకహాంటస్ వారసులమని చెప్పుకునే పెద్దింటివాళ్ళ కోసం పదహారో వంతు దాకా మినహాయింపు పెట్టారు. ఆమె సొంత జనాన్ని మాత్రం రికార్డుల్లో 'కలర్డ్' అని రాసి, వాళ్ళ గుర్తింపునే చెరిపేశారు. ఆమె జనంలో ఒక తెగ అయిన పమన్‌కీలకి కేంద్ర ప్రభుత్వ గుర్తింపు వచ్చింది 2015లో, మరో ఆరు తెగలకి 2018లో! ఆమె పేరు ఆ పెద్దింటివాళ్ళకి గొప్ప, ఆమె సొంత జనానికి శిక్ష.

మనకెందుకీ గొడవ అని మావారు అడిగారు. మా అమ్మమ్మగారిది బందరు. 1611లో ఈస్టిండియా కంపెనీ అక్కడ వ్యాపారకేంద్రం పెట్టింది. ఆ కంపెనీ తొలి గవర్నరు థామస్ స్మైత్. జేమ్స్‌టౌన్‌ని నడిపిన వర్జీనియా కంపెనీకి కోశాధికారీ ఆయనే. అక్కడా ఇక్కడా ఒకే చేతులు లెక్కలు రాశాయి. పైగా ఇవాళ మనం ఇళ్ళు కొనుక్కుని, పిల్లల్ని బళ్ళో వేసింది ఆమె జనం నేల మీద.

పాప తన నోట్సులో పోకహాంటస్ పేరు పక్కన అమొనూటె అని పెన్సిల్‌తో రాసుకుంది. సెలవుల్లో కింగ్ విలియం కౌంటీలో పమన్‌కీల మ్యూజియం చూడటానికి వెళ్తున్నాం. పిల్లల్ని తీసుకుని వస్తామంటే చెప్పండి, కలిసి వెళ్దాం.