యూరప్ ఏకీకృత పేటెంట్: రుసుము తగ్గినా రిస్కు తగ్గలేదు

అనేక దేశాలకు కలిపి ఒకే పేటెంటుగా యూరప్‌లో 2023 జూన్ 1న అమల్లోకి వచ్చిన ఏకీకృత పేటెంట్ గురించి మాట్లాడేవారు ముందుగా ఖర్చుల ఆదా గురించే చెబుతారు. కానీ దరఖాస్తుదారులు ఇప్పుడు తలపట్టుకుంటున్నది ఒక పేటెంటును ఎన్ని దేశాల్లో ఒకేసారి పణంగా పెట్టాలన్న దాని దగ్గరే.

దరఖాస్తు, పరిశీలన మునుపటిలాగే యూరోపియన్ పేటెంట్ కార్యాలయంలోనే జరుగుతాయి. తేడా మంజూరు తర్వాత మొదలవుతుంది. పాత పద్ధతిలో పేటెంటు దేశాలవారీగా విడిపోతుంది కాబట్టి, కావలసిన దేశాల్లోనే రుసుము కట్టి, అమ్మకాలు లేనిచోట మధ్యలో వదిలేయవచ్చు. కొత్త పద్ధతిని మంజూరు ప్రకటన వెలువడిన నెలలోగా కోరుకోవాలి. అప్పుడు 2024 సెప్టెంబరులో చేరిన రొమేనియాతో కలిపి 18 దేశాలకూ ఒకే పేటెంటు, ఒకే వార్షిక రుసుము వర్తిస్తాయి. కడితే మొత్తానికి కట్టాలి, మానితే మొత్తం పోతుంది.

ఆ రుసుమును 2015 నాటికి యూరోపియన్ పేటెంట్లు ఎక్కువగా నమోదైన నాలుగు దేశాల రుసుముల మొత్తానికి సమానంగా నిర్ణయించారు. విచిత్రమేమిటంటే, తర్వాత ఈ వ్యవస్థ నుంచి తప్పుకున్న బ్రిటన్ కూడా ఆ నాలుగింటిలో ఉంది. జర్మనీ, ఫ్రాన్స్, బ్రిటన్‌లతో సరిపెట్టుకునే చిన్న సంస్థ బ్రిటన్‌కు ఎలాగూ విడిగా కట్టాల్సిందే కాబట్టి, దానికి ఇందులో ఆదా ఉండదు. మొదటి నుంచీ దూరంగా ఉన్న స్పెయిన్‌కూ విడిగా కట్టాల్సిందే. అనువాద ఖర్చుల కోసం ఇచ్చే 500 యూరోల సాయం కూడా యూరోపియన్ యూనియన్‌లోని చిన్న సంస్థలకు, విశ్వవిద్యాలయాల వంటివాటికే తప్ప హైదరాబాద్ స్టార్టప్‌కు అందదు.

రిస్కు ఎంతటిదో అమెరికా బయోటెక్ సంస్థలైన 10ఎక్స్ జీనోమిక్స్, నానోస్ట్రింగ్‌ల వివాదం చూస్తే తెలుస్తుంది. 2023 సెప్టెంబరులో, సభ్య దేశాలన్నిటికీ కలిపి పేటెంట్ వివాదాలు తేల్చే ఏకీకృత పేటెంట్ న్యాయస్థానపు మ్యూనిక్ విభాగం ఒక్క ఉత్తర్వుతో, అప్పటికి సభ్యులుగా ఉన్న 17 దేశాల్లోనూ నానోస్ట్రింగ్ ఉత్పత్తులపై తాత్కాలిక నిషేధం విధించింది. పాత పద్ధతిలో పేటెంటుదారైన 10ఎక్స్‌కు ఊహకందని విజయమిది. అయితే 2024 ఫిబ్రవరిలో లక్సెంబర్గ్‌లోని అప్పీలు కోర్టు, ఆ పేటెంటు చెల్లకపోయే అవకాశమే ఎక్కువని భావించి నిషేధాన్ని ఎత్తివేసింది. ఎంత వేగంగా 17 దేశాల మార్కెట్ చేతికి వచ్చిందో, అంతే వేగంగా జారిపోయింది.

అందుకే ఒక్క మందు మీదే వ్యాపారమంతా ఆధారపడిన ఔషధ సంస్థలు ముఖ్యమైన పేటెంటును పాత పద్ధతిలోనే ఉంచి, పాత పేటెంట్లనూ విచారించే ఈ న్యాయస్థానం పరిధి నుంచి, పరివర్తన కాలంలో ఉన్న వెసులుబాటుతో దాన్ని తప్పించడంలో తప్పేమీ లేదు. మూల దరఖాస్తు నుంచి విడదీసిన మరో దరఖాస్తుకు ఏకీకృత పేటెంటు తీసుకొని, రెండు పడవలనూ నడిపే దారి కూడా ఉంది. ఏటా అనేక పేటెంట్లు పొందే ఎలక్ట్రానిక్స్ సంస్థలకు ఒకటి పోయినా మరొకటి ఉంటుంది గనుక అంత బెంగ అక్కర్లేదు.

జనరిక్ మందులను యూరప్‌కు ఎగుమతి చేసే మన కంపెనీలు దీన్ని అవతలి వైపు నుంచి చూడాలి. ఏకీకృత పేటెంటుపై ఒక్క రద్దు దావా గెలిస్తే అన్ని సభ్య దేశాల్లోనూ దారి తెరుచుకుంటుంది. పాత పద్ధతిలో ఉంచి ఈ న్యాయస్థానం నుంచి తప్పించిన పేటెంటుపైనా వారికొక ఎత్తుగడ ఉంది: ఒక దేశపు న్యాయస్థానంలో ముందుగా రద్దు దావా వేస్తే, యజమాని ఆ మినహాయింపును వెనక్కి తీసుకొని ఏకీకృత పేటెంట్ న్యాయస్థానానికి వెళ్లే దారి మూసుకుపోతుంది.