శాంప్లర్ ట్రే గారికి, ఉభయకుశలోపరి

మహారాజశ్రీ శాంప్లర్ ట్రే గారి సముఖమునకు,

జూబ్లీహిల్స్ నుంచి గచ్చిబౌలి దాకా మీరు ఏ టేబుల్ మీదికి వేంచేసినా ముందుగా ఫోను తీసేవాళ్లలో నేనూ ఒకణ్ని. కాబట్టి ఇది గిట్టనివాడు రాసిన ఆకాశరామన్న ఉత్తరం అనుకోకండి. నేను మీ అభిమానిని. అంతకు మించి జీతం లేని ప్రచారకర్తని. ఆఫీసులో, పెళ్లిళ్లలో, సెక్రటరీ గారు డిలీట్ చేసేదాకా మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మన ఊళ్లో కొద్ది మోతాదుల్లో చేసే క్రాఫ్ట్ బీరు గురించి చెప్పీ చెప్పీ, ఇప్పుడు నేను నోరు తెరిస్తే చాలు జనం చార్జర్ వెతుక్కుంటూ పక్కకు వెళ్లిపోతున్నారు.

మీ రూపం వర్ణించకపోతే అభిమానికి పాపం. ఒక చెక్క పలక, దానికి ఆరు గుంతలు, గుంతకో చిట్టి గ్లాసు, రుచి చూడ్డానికి గ్లాసుకో రకం. ఎడమ చివర ఎండుగడ్డి రంగు, మధ్యలో మసక మసకగా ఒకటి, డికాక్షన్ రంగుది ఇంకొకటి. ప్రతి గ్లాసు కింద సుద్దముక్కతో రాసిన పేరు. మూడో గ్లాసు పేరు ఎప్పుడూ తడిసి సగం చెరిగిపోయే ఉంటుంది. మిమ్మల్ని తెచ్చిన కుర్రాడు వేలితో చూపిస్తూ ఎక్కాలు అప్పజెప్పినట్టు గుక్కతిప్పుకోకుండా చెబుతాడు: "సర్, దిస్ ఈజ్ అవర్ హెఫెవైజెన్, బనానా అండ్ క్లోవ్ నోట్స్."

"అరటిపండు వేశారా తమ్ముడూ?" అని అడిగాడు మా బావమరిది.

"నో సర్, నేచురల్."

కుర్రాడు అబద్ధం చెప్పలేదు. హెఫెవైజెన్ అంటే జర్మన్ గోధుమ బీరు, ఆ వాసన అందులో వాడే ఈస్టు పులియబెడుతూ పుట్టించేది. అరటిపండుకు వాసనిచ్చే ఐసోఅమైల్ ఎసిటేట్ దీంట్లోనూ తయారవుతుంది. లవంగం వాసనా ఆ ఈస్టు చలవే. ఇదంతా నేను ఎంతో భక్తిగా వివరించాను. మావాడు విన్నాడు, తలూపాడు, చివర్లో బిల్లు వచ్చాక అరటిపండు విడిగా వేశారేమోనని పైనుంచి కిందదాకా చూశాడు.

వాణ్ని అని లాభం లేదు. మన దగ్గర బీరులో రకాలు రెండే: స్ట్రాంగు, లైటు. అవి తేలాక మిగిలే ప్రశ్న ఒక్కటే, "కూలింగ్ ఉందా?" ఏప్రిల్ సాయంత్రం వైన్స్ కౌంటర్లోంచి "కూలింగ్ అయిపోయిందన్నా" అనే మాట వినపడితే ఆ క్యూలో మొహాలు చూడలేం. 2025 జనవరిలో కింగ్‌ఫిషర్ చేసే యునైటెడ్ బ్రూవరీస్ వాళ్లు ప్రభుత్వం నుంచి పాత బకాయిలు రావట్లేదని, ధర పెంచట్లేదని తెలంగాణకు బీరు పంపడం ఆపేస్తామన్నారు. అప్పుడు నగరంలో కనిపించినంత టెన్షన్ నాకు తెలిసి ఏ పరీక్షల ఫలితాలకీ లేదు. కొద్దిరోజులకే లారీలు కదిలాయి. తర్వాతి నెలలో ధరా కదిలింది.

అలాంటి నేల మీదికి మీరు వచ్చారు. పుణె, గురుగ్రామ్, బెంగళూరు వాళ్లు బాగా రుచి మరిగాక, 2015లో తెలంగాణ ప్రభుత్వం, అక్కడే కాచి అక్కడే పోసే మైక్రోబ్రూవరీలకు నిబంధనలు తెచ్చింది. అద్దాల వెనక మెరిసే స్టీలు ట్యాంకులు, వాటిలోంచి నేరుగా గ్లాసులోకి. వడకట్టి నిగ్గుతేల్చడం లేదు, పాశ్చరైజేషన్ లేదు, సీసాలో నెలల తరబడి నిద్రపోవడం లేదు. ఇది మాత్రం నిజంగా గొప్ప సంగతి, ఇక్కడ వెటకారం లేదు. తాజా బీరు మొదటిసారి తాగినవాడికి అంతవరకు తాగింది బీరేనా అన్న అనుమానం వస్తుంది. రావాలి కూడా.

కానీ మహాశయా, మీ గోడ మీద ఆ పెద్ద నియాన్ బోర్డు ఉందే, ఇది మన ఊరి బీరు, ఇక్కడే పుట్టింది అని ఇంగ్లీషులో గొప్పలు పోతూ, దాని కింద కూర్చుని మీ వంశవృక్షం కాస్త అడిగాను. మాల్టు, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన ధాన్యం, అందులో మంచిదంతా జర్మనీ, బెల్జియంల నుంచి. బీరుకు చేదు, వాసన ఇచ్చే హాప్స్ పువ్వులు అమెరికా నుంచి. మన దేశంలో హాప్స్ లాహౌల్ లోయలో పండుతాయి గాని అవి ఏ మూలకూ రావు. ఈస్టు ప్యాకెట్లో విమానం ఎక్కి వచ్చింది. ఇక మిగిలింది నీళ్లు. వాటినీ ఆర్వోలో పోసి, అందులో ఉన్న హైదరాబాదును పూర్తిగా తీసేసి, జర్మన్ ఊళ్ల నీళ్లకు సరిపడా లవణాలు కలుపుతారట. అద్దె మాత్రం అచ్చంగా జూబ్లీహిల్స్‌దే.

నాలుగో గ్లాసు బెల్జియన్ విట్, అంటే బెల్జియం వాళ్ల గోధుమ బీరు. అందులో నారింజ తొక్క, ధనియాలు వేస్తారు. ఆ ధనియాల గురించి మీ కుర్రాడు "ఎగ్జోటిక్ స్పైస్ సర్" అన్నప్పుడు మా టేబుల్ మీద ఎవరూ నవ్వకుండా ఆపుకోవడానికి ఎంత కష్టపడ్డామో. మా అమ్మ చారుపొడిలో పిడికెడు వేస్తుంది పాపం, ఏనాడూ గొప్పగా చెప్పుకోలేదు.

ఐదోది ఐపీఏ, అంటే ఇండియా పేల్ ఏల్. పేరులో ఇండియా ఉందని బావమరిది దేశభక్తితో ఎత్తాడు, చేదు తగలగానే కళ్లు మూసుకున్నాడు. అసలు ఆ బీరు ఇండియాలో మనకోసం కాదు, ఇక్కడ మనల్ని ఏలుతున్న దొరల కోసం. ఓడలో నెలల ప్రయాణానికి చెడిపోకుండా హాప్స్ దండిగా దట్టించి పంపేవాళ్లు. మన పేరు పెట్టి వాళ్లు తాగారు. ఇప్పుడు మనం డబ్బులిచ్చి వాళ్ల చేదు తాగుతున్నాం. చరిత్ర ఇలాగే బిల్లు వేస్తుంది.

మీ మెనూ మొదటి పేజీలో 1516 అని పెద్ద అంకెల్లో అచ్చువేశారు. బవేరియాలో ఆ ఏడు తెచ్చిన చట్టం ప్రకారం బీరులో బార్లీ, హాప్స్, నీళ్లు తప్ప ఇంకేమీ ఉండకూడదు. ఈస్టు ఊసు అందులో లేదు, పులియబెట్టేది అదేనని అప్పటికి ఎవరికీ సరిగా తెలియదు మరి. బాగుంది. మూడంటే మూడు దినుసులు. మా వైపు కల్లును ఒకే దినుసుతో నడిపిస్తున్నారు. గౌడన్న మోకు, ముస్తాదు వేసుకుని చెట్టెక్కి గీత పెట్టి లొట్టి కుండ కట్టొస్తాడు. పులియబెట్టే పని గాలిలో, లొట్టిలో ఉన్న ఈస్టు చూసుకుంటుంది. పొద్దున దించినప్పుడు తీపి, ఎండెక్కేసరికి నురగ, పొద్దువాలేసరికి పులుపు. ఒకే ట్యాంకులోంచి మీరు ఒక రుచి ఇస్తారు. ఒకే లొట్టిలోంచి ఆయన ఒక్కరోజులో మూడిస్తాడు.

మీ బోర్డు మీద "సీజనల్ స్పెషల్" అని రాసి పక్కన నక్షత్రం పెడతారు. అక్కడ చలికాలం ఈతకల్లు, ఎండాకాలం తాటికల్లు, నక్షత్రం ఎవరూ పెట్టరు. మీ "స్మాల్ బ్యాచ్" చూసి మురిసిపోతాం. అక్కడ ఒంటిచెట్టు కల్లు కావాలంటే గౌడన్నకు ముందే చెప్పి పెట్టుకోవాలి, ఆ చెట్టు ఇచ్చినంతే. మన్యంలో జీలుగు కల్లు సంగతి ఇక చెప్పను, చెబితే మీ వాళ్లు టూర్ ప్యాకేజీ పెడతారు. కల్లు పోసే మండువాలో తాటాకు రేక పట్టుకుని కూర్చుంటే పైనుంచి లొట్టి వంచుతారు. పక్కన ఉడికించిన గుడాలు, ఉల్లిపాయ ముక్క. ఆ రేకలో చీమో తేనెటీగో తేలుతుంటే వేలితో తీసేసి తాగుతాం. మీ దగ్గర గ్లాసు అంచున నారింజ ముక్క కాస్త వంకరైతే మేనేజర్‌ని పిలుస్తాం.

అలాగని కల్లును నెత్తిన పెట్టుకుని ఊరేగను. నగరంలో కల్లు కాంపౌండ్లలో అల్ప్రాజోలం అనే మత్తుమందు కలిపి జనం ప్రాణాలు తీశారు, 2025 జులైలో కూకట్‌పల్లి వైపు జరిగింది మరిచిపోయేది కాదు. అద్దం వెనక అందరికీ కనపడేలా పెట్టిన మీ ట్యాంకులు, రోజూ కడిగే మీ పైపులు అసలు ఉండాల్సింది అక్కడ. ప్రభుత్వమూ ఏదో ఒకటి చేయాలనుకున్నట్టుంది, 2023లో నెక్లెస్ రోడ్డున నీరా కేఫ్ తెరిచింది. నీరా అంటే పులవకముందు రసం. మొత్తానికి తాటిచెట్టుకు నగరంలో కుర్చీ వేశారు, పులవనని మాట తీసుకున్నాక.

కనుక ఈ ప్రచారకర్త విన్నపాలు చిత్తగించండి. దక్షిణాఫ్రికాలో తరతరాలుగా జొన్న మాల్టుతో బీరు చేసుకుంటున్నారు. మన జొన్నలు ఇంకా ఎక్కువగా రొట్టెల దగ్గరే ఆగిపోయాయి. మీ బ్రూమాస్టర్ గారు జర్మన్ గోధుమ మీద చూపే ప్రేమలో పదోవంతు వీటి మీద చూపించి, బాగా రాకపోయినా ఒక ట్యాంకు పెట్టి చూడమనండి. పోయేదేముంది, బాగోకపోతే "సోర్ ఏల్", అంటే పుల్ల బీరు, అని పేరు పెట్టి రెండింతలకు అమ్ముకోవచ్చు. ఇక మీ పలక మీద ఆరో గుంత. అందులో మీరు పోసే యాపిల్ సైడర్‌ని ఆడవాళ్లకి బాగుంటుందని మీ కుర్రాడు అంటాడు. మా చెల్లెలు నల్లటి చేదు బీరు స్టౌట్ తెమ్మని మొహం మీదే చెప్పింది. ఆ గుంత ఖాళీగా ఉన్నట్టే కాబట్టి, చలికాలంలో పొద్దున దించిన, పరీక్ష చేయించిన ఈతకల్లు ఒక చిట్టి గ్లాసుడు అందులో పెట్టండి. లైసెన్సులు వేరంటారు, తెలుసు. రెండూ ఇచ్చేది ఒక్క ఎక్సైజ్ శాఖే. ఫైలు ఒక గది నుంచి పక్క గదికి వెళ్లడానికి మన దగ్గర ఎంత కాలం పడుతుందో నాకు తెలుసు గనక ఈ చలికాలమే అని పట్టుబట్టను.

ఇట్లు,
క్యాబ్‌లో వచ్చి క్యాబ్‌లో వెళ్లే మీ విధేయుడు

తా.క.: ఈ ఉత్తరం మీ ఫీడ్‌బ్యాక్ పెట్టెలో వేద్దామని చూశాను. పెట్టె లేదు, క్యూఆర్ కోడ్ ఉంది. స్కాన్ చేస్తే ఐదు నక్షత్రాలు ముందే వెలిగించి ఉన్నాయి. ఒకటి ఆర్పేశాను. స్టౌట్‌లో కూలింగ్ మరీ ఎక్కువైంది, రుచి తెలియట్లేదు. ఆ మాట బావమరిదికి చెబితే నాకు జ్వరమేమోనని నుదురు పట్టుకు చూశాడు.