మంత్రఖడ్గం: ఒక పొదుపు పథకం

చైనా చవక వెబ్ సినిమాల్లో కత్తులు వాటంతటవే ఎగురుతాయని నవ్వేవాళ్లకు ఒక మనవి: మీకు లెక్కలు రావు. ఇద్దరు మనుషులు సవ్యంగా కత్తియుద్ధం చెయ్యాలంటే వారాల సాధన, డూపులు, రీటేకులు, బెణికిన మణికట్లకు కట్లు. అదే కత్తి తానే వెళ్లి శత్రువును పొడిచి తిరిగొస్తే? హీరో చూపుడువేలూ మధ్యవేలూ జోడించి నిలబడతాడు, ఫ్యాను జుట్టు ఎగరేస్తుంది, మిగతాదంతా గ్రాఫిక్స్ కుర్రాడి ఖర్మ. కత్తికి మహిమ తపస్సు వల్ల రాలేదు, ప్రొడక్షన్ మేనేజరు వల్ల వచ్చింది.

ఇదేం నిన్నటి తెలివి కాదు. 1928లో షాంఘై మింగ్‌షింగ్ కంపెనీ ‘ఎర్రతామర ఆలయ దహనం’ మొదలుపెట్టినప్పుడే ఎగిరే కత్తుల వెలుగును చేత్తో గీసి కలిపారు. జనం ఎగబడ్డారు. 18 భాగాలు సాగిన ఆ సినిమా 1931లో సర్కారు నిషేధిస్తే గానీ ఆగలేదు. విఠలాచార్య గారి అభిమానులకు ఈ ఆర్థికశాస్త్రం విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇప్పటి శాస్త్రం ఇంకా నిశితం. ఐచీయీ అనే చైనా వీడియో వేదికలో చాలాకాలం మొదటి 6 నిమిషాలు ఉచితంగా ఉండేవి. అప్పట్లో అది దాటి చూసినవాళ్ల లెక్కనే నిర్మాతకు వాటా దక్కేది. అందుకే డ్రాగనూ, ఆకాశయుద్ధమూ ఆ 6 నిమిషాల్లోనే అయిపోయేవి. ఏడో నిమిషం నుంచి ఇద్దరు ఒక గదిలో టీ తాగుతూ గతం తవ్వుకునేవాళ్లు. గంట నిడివి తప్పనిసరి కాబట్టి గతం చాలానే ఉండేది; ఫ్లాష్‌బ్యాకులో ఆ 6 నిమిషాలే మళ్లీ వచ్చేవి.

సాంకేతిక నిపుణుల మీద కాస్త దయ ఉంచండి. మహావీరుడు తెల్లపట్టే కట్టాలి, అది ఆచారం. గ్రీన్‌మ్యాట్ (వెనక దృశ్యం తర్వాత కలపడానికి కట్టే పచ్చగుడ్డ) ముందు తెల్లపట్టు నిలబడితే అంచులన్నీ పచ్చబడతాయి. రంగు తగ్గించి ఆ పచ్చను చంపితే మొహంలో నెత్తురూ పోతుంది. దాన్నే మనం దివ్యతేజస్సు అనుకోవాలి. రబ్బరు కత్తిని టక్కున ఆపినా మొన ఇంకాసేపు ఊగుతుంది. కత్తి చుట్టూ నీలికాంతి పుట్టింది ఆ ఊపు కనపడకుండా ఉండటానికే. తర్వాత కలిపిన కాంతి కనుక హీరో మొహం మీద మాత్రం పడదు. షూటింగప్పుడే పక్కన ఎవరైనా నీలి ఎల్‌ఈడీ లైటు పట్టుకుంటే సరిపోయేది, కానీ ఆ మనిషికి భోజనం పెట్టాలి కదా. ఇక ఎగరడం. నడుముకు రెండు పక్కలా తీగలు తగిలించి లాగుతారు. ఒక పక్క లాగేవాళ్లు అడుగు వెనకబడ్డారో, సిద్ధపురుషుడు ఒరిగిపోయిన హోర్డింగులా స్వర్గానికి వెళతాడు.

1965లో చైనాలోని హూబే రాష్ట్రంలో ఒక సమాధిలో ప్రాచీన యువె రాజ్యపు రాజు గౌజియన్ కంచు కత్తి దొరికింది. రెండు వేల ఏళ్లు దాటినా పదును పోలేదు. కానీ పొడవు 55.6 సెంటీమీటర్లే, పొగ రాదు, మాట్లాడదు. ఈ సినిమాల ఆడిషన్‌కు దాన్ని గుమ్మం కూడా ఎక్కనివ్వరు.

విలన్ విషయానికొస్తే, చివర్లో లోయలో పడతాడు. శవం చూపించరు. రెండో భాగం కోసమని అభిమానులు అనుకుంటారు. మేకప్‌మ్యాన్ సాయంత్రం బస్సుకే వెళ్లిపోయాడు.