పెద్ద కార్బ్యురేటర్ వేస్తే పవర్ పెరుగుతుందా?

పాత కార్లున్నవాళ్ల మధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది, నాకే నలుగురు పంపారు. అందులో ఉన్నది ఇది: "కార్బ్యురేటర్ పాడైతే మళ్లీ అదే సైజు కొనకండి, కంపెనీవాళ్లు పిసినారితనంతో చిన్నది పెట్టారు, పెద్దది వేస్తే పవర్ పెరుగుతుంది, మైలేజీ కూడా పెరుగుతుంది, కొత్తది కాబట్టి సెట్టింగులేమీ అక్కర్లేదు, బిగించి స్టార్ట్ చేయడమే." ఒక్క మెసేజ్‌లో ఇన్ని తప్పులు ఎలా పట్టాయో!

ముందు పవర్ సంగతి. గాలిని పీల్చేది ఇంజను, కార్బ్యురేటర్ ఆ గాలిలో పెట్రోల్ కలిపే దారి మాత్రమే, అదేమీ లోపలికి నెట్టదు. ఎంత గాలి కావాలో లెక్క మనమే వేసుకోవచ్చు. ఫోర్ స్ట్రోక్ ఇంజను రెండు చుట్లకి ఒకసారి తన సీసీ అంత గాలి పీలుస్తుంది, అంటే 1500 సీసీ ఇంజనుకి 6000 ఆర్‌పీఎమ్ దగ్గర నిమిషానికి 4500 లీటర్లు. సిలిండర్లు పూర్తిగా నిండవు కాబట్టి 80 శాతం వేసుకుంటే 3600 లీటర్లు, కార్బ్యురేటర్ల కొలతలో సుమారు 127 సీఎఫ్‌ఎమ్ (నిమిషానికి ఇన్ని ఘనపుటడుగుల గాలి). 5.7 లీటర్ల వీ8 కూడా 5500 దగ్గర, 85 శాతం లెక్కన, 470 చిల్లర అడుగుతుంది అంతే. దానికి 750 సీఎఫ్‌ఎమ్‌ది తగిలించి మురిసిపోవడం పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టే.

పోనీ, పెద్దది ఉంటే నష్టమేంటి అంటారా? కార్బ్యురేటర్ గొంతులో, అంటే గాలి వెళ్లే దారిలో, సన్నబడే చోటు ఉంటుంది కదా, వెంచురి, అక్కడ గాలి వేగం పెరిగి ఒత్తిడి తగ్గితేనే జెట్ అనే సన్నటి రంధ్రంలోంచి పెట్రోల్ పైకి వస్తుంది. ఆ గొంతు వెడల్పైతే తక్కువ ఆర్‌పీఎమ్‌లో గాలి నెమ్మదిస్తుంది, లాగే బలం తగ్గుతుంది, పెట్రోల్ సన్నటి తుంపరగా కాకుండా చుక్కలుగా వస్తుంది. సిగ్నల్ దగ్గర యాక్సిలరేటర్ తొక్కితే బండి ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి, ఆ తర్వాత కుదుపుతో కదిలేది అందుకే. సెకండరీ (తర్వాత తెరుచుకునే రెండో గొంతు) గాలి అవసరాన్ని బట్టి తెరుచుకునే వ్యాక్యూమ్ రకమైతే కొంత సర్దుకుంటుంది, యాక్సిలరేటర్ లింకేజీతో నేరుగా తెరుచుకునేదైతే అస్సలు క్షమించదు.

సైజు నంబర్లతో ఇంకో తిరకాసు. వెబర్ కంపెనీ 32/36 కార్బ్యురేటర్‌లో ఆ అంకెలు థ్రోటిల్ ప్లేట్ల (గాలి దారిని తెరిచి మూసే రేకుల) దగ్గరి వ్యాసాలు, లోపల వెంచురీలు 26, 27 మిల్లీమీటర్లే. అమెరికన్ కార్బ్యురేటర్లలో రెండు గొంతులవాటిని 3 అంగుళాల వ్యాక్యూమ్ (పాదరసం కొలతలో పీల్చే బలం) దగ్గర కొలుస్తారు, నాలుగు గొంతులవాటిని 1.5 దగ్గర, కాబట్టి రెండు గొంతుల 500 సీఎఫ్‌ఎమ్ అంటే నాలుగు గొంతుల కొలతలో సుమారు 350 మాత్రమే. డబ్బా మీద అంకె చూసి పోల్చడం దండగ.

మైలేజీ గురించి ఎక్కువ చెప్పను, చుక్కలుగా పడ్డ పెట్రోల్ సరిగ్గా మండదు, అంతే.

కంపెనీ పిసినారితనం అన్నారు. క్యామ్‌షాఫ్ట్, హెడ్, ఎగ్జాస్ట్ అన్నీ చూసుకుని వాటికి తగ్గట్టు పెట్టిన సైజు అది. అవన్నీ మార్చిన ఇంజనైతే పెద్దది కావాల్సిందే, ఆ ఒక్క సందర్భంలో మెసేజ్ నిజం. మామూలు ఇంజనుకి కాదు.

ఇక "బిగించి స్టార్ట్ చేయడమే" అన్న మాటకి నేనే బలయ్యాను. నా కారు పికప్ పోయిందని కొత్త వెబర్ వేయించా, గంట తిరక్కముందే గొంతులోంచి పెట్రోల్ పొంగి మ్యానిఫోల్డ్ (కార్బ్యురేటర్ కింద ఇంజనుకి వెళ్లే గొట్టాలు) మీదికి కారింది. వెబర్‌కి పెట్రోల్ ప్రెషర్ 3 పీఎస్‌ఐ చుట్టుపక్కల చాలు, నా పంపు దానికి రెట్టింపు తోస్తోంది, ఆ తోపుకి పెట్రోల్ రాకని ఆపే నీడిల్ వాల్వ్ మూసుకోలేకపోయింది. ప్రెషర్ తగ్గించే రెగ్యులేటర్ పెట్టాక పొంగడం ఆగింది కానీ పికప్ రాలేదు. చివరికి కార్బ్యురేటర్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కి (స్పార్క్ ప్లగ్గులకి కరెంటు పంచేదానికి) వెళ్లే సన్నటి గొట్టం పీకి నోటితో పీల్చి చూశా, గాలి హాయిగా వచ్చేసింది, రాకూడదు, అంటే స్పార్క్‌ని ముందుకు జరిపే వ్యాక్యూమ్ అడ్వాన్స్‌లోని డయాఫ్రం అనే పల్చటి పొర చిరిగిపోయింది. తీసి పక్కన పడేసిన పాత కార్బ్యురేటర్‌లో తప్పే లేదన్నమాట!

కాబట్టి కొనేముందు పంపు ప్రెషర్, మ్యానిఫోల్డ్ బోల్టుల దూరం, ఆ సన్న గొట్టానికి కొత్తదాంట్లో మొన ఉందా లేదా, చోక్ ఏ రకం, ఇవి చూసుకోండి. పాతదాని థ్రోటిల్ షాఫ్ట్ (ఆ రేకులు తిరిగే కడ్డీ) వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ కదపండి. లొడలొడలాడితే పక్కనుంచి గాలి దూరుతోందని అర్థం, బుష్‌లు వేయిస్తే చాలాసార్లు సరిపోతుంది. బాడీ పగిలిందా, ఫ్లేంజ్ (బోల్టులు బిగించే అంచు) వంగి గ్యాస్కెట్ కూర్చోవడం లేదా, అప్పుడు కొత్తది కొనండి, అదీ అదే సైజులో.